మిల్లు ఆగిన మర్నాడు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ రోజు మనం తలుచుకుంటున్న పెద్దాయన గురించి ఆయన సహచరులు ఇప్పటికే చెప్పారు. నేను ఒక్క సంగతి చేరుస్తాను. యూనియన్ ఆఫీసులో కూర్చుని ఆయన రాసిన అర్జీల కార్బన్ ప్రతులను కుటుంబం వాళ్లు నా చేతికిచ్చి చదవమన్నారు. నీలి అక్షరాలు కొన్నిచోట్ల వెలిసిపోయాయి. లేబర్ కమిషనర్‌కు, పీఎఫ్ ఆఫీసుకు, కలెక్టరుకు, బ్యాంకు మేనేజరుకు, ఆఖరికి ఒక స్కూలు హెడ్మాస్టరుకు కూడా రాశారు, ఫలానా కార్మికుడి కూతురి ఫీజుకు రెండు నెలలు గడువివ్వండని. దాదాపు అన్నీ ఆయన మిల్లు ఆగిపోయాక రాసినవే. అంతకు ముందు తేదీతో ఉన్న కాగితం మాత్రం ఒకటుంది. మా జీతాల్లో కోసిన పీఎఫ్ సొమ్ము కొన్ని నెలలుగా జమ కావడం లేదు, కాస్త విచారించండి అని అందులో రాశారు. జవాబు వచ్చిన దాఖలా ఆ కట్టలో లేదు.

ఆ ఒక్క కాగితం చుట్టూనే ఈ సాయంత్రం మాట్లాడదామనుకున్నాను. ఫ్యాక్టరీ మూతపడితే మన ప్రభుత్వాలు అసలేమీ చెయ్యవని అనడం అన్యాయం. చేస్తాయి. అయితే చేసేది యంత్రానికో, అప్పిచ్చిన బ్యాంకుకో, కొత్తగా కొనడానికి వచ్చిన యజమానికో చేస్తాయి. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఊరి దాకా అసలు రాదు. ఆదుకోవడం మిల్లు ఆగకముందే మొదలు కావాలి, ఆగిన మర్నాడు కార్మికుడి ఇంటికి చేరాలి, ఊరిని కూడా నష్టపోయిన పక్షంగా లెక్కించాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

కాగజ్‌నగర్ సంగతి తీసుకుందాం. కొత్తపేట అనే పల్లె కాగితం పేరు పెట్టుకుని పట్నమైంది. నిజాం కాలంలో 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. చుట్టూ అడవిలో వెదురు, పక్కన పెద్దవాగు నీళ్లు, అందుబాటులో సింగరేణి బొగ్గు, గుమ్మంలో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం. మిల్లుకు కావలసినవన్నీ అమరిన చోటు అది. క్వార్టర్లు, ఆసుపత్రి, బడి అన్నీ మిల్లు వెంటే వచ్చాయి. 2014 సెప్టెంబరులో ఉత్పత్తి ఆగింది. తెలంగాణ ఏర్పడి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. దివాలా చట్టం కింద కేసు నడిచింది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీల ప్యాకేజీ ప్రకటించింది. జేకే పేపర్ సంస్థ ముందుకొచ్చింది. 2018 జులైలో ట్రిబ్యునల్ ఆ సంస్థ ప్రణాళికను ఆమోదించింది. మూతపడిన మిల్లు తిరిగి తెరుచుకోవడం మన దేశంలో అరుదు. దాని కోసం పనిచేసిన అధికారులకు, నాయకులకు ఆ ఘనత ఇవ్వాల్సిందే, నేను మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

కానీ ఆ మధ్య దాదాపు నాలుగేళ్లు ఉంది కదా. ఆగిన మిల్లుకు రాయితీలు రాసిన జీవోలు ఉన్నాయి. ఆగిన నాటి నుంచి తెరిచిన నాటి దాకా ఒక కుటుంబం నెలనెలా ఏం తినాలో చెప్పే జీవో ఎక్కడుంది? నలభై ఏళ్ల మనిషి నాలుగేళ్లు ఆగగలడా? బల్లార్షా రైలెక్కి పోతాడు, హైదరాబాదులో వాచ్‌మన్ అవుతాడు, ఆటో కొంటాడు, పిల్లాడి చదువు మాన్పిస్తాడు. మిల్లు తెరిచేనాటికి ఆ ఇంటి లెక్కలన్నీ మారిపోయి ఉంటాయి.

రామగుండం చూడండి. అక్కడి ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం 1980లో మొదలై 1999లో ఆగింది. 2002లో కేంద్రం మూసివేత నిర్ణయం తీసుకుంది. 2015లో ఆర్ఎఫ్‌సీఎల్ అనే కొత్త సంస్థ పుట్టింది, 2021 మార్చిలో యూరియా అమ్మకానికి వచ్చింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. రైతుకు మేలు, దేశానికి మేలు. 1999లో ముప్పై అయిదేళ్లున్న కార్మికుడికి మాత్రం 2021లో యాభై ఏడేళ్లు. పునరుద్ధరణ అన్న మాట ఫ్యాక్టరీకి సరిపోయింది. ఆ తరానికి ఎలా సరిపోతుంది?

ఇక చట్టం కార్మికుడికి ఏమిస్తుందో చూద్దాం. మూసివేత పరిహారమంటే పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల సగటు వేతనం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోకి తర్వాతి సవరణలతో వచ్చిన లెక్క ఇది. ఇరవై ఏళ్లు యంత్రం ముందు నిలబడ్డ మనిషికి సుమారు పది నెలల జీతం. దానికి గ్రాట్యుటీ కలుస్తుంది, పీఎఫ్ కలుస్తుంది. అదీ యజమాని కట్టి ఉంటే, కట్టగలిగే స్థితిలో ఉంటే. దివాలాకు వెళ్లిన కంపెనీని అమ్మి పంచే పరిస్థితి వస్తే చివరి 24 నెలల కార్మిక బకాయిలకు హామీ ఉన్న బ్యాంకులతో సమాన హోదా ఇచ్చారు. మంచిదే. అంతకు ముందు బకాయిలు వెనక వరుసలోకి పోతాయి. కంపెనీని అమ్మకుండా కొత్త యజమానికి అప్పగిస్తే, ఆమోదించిన ప్రణాళికలో లేని పాత క్లెయిములు రద్దయినట్టేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. కొనేవాడికి ఆ భరోసా కావాలి, లేకపోతే ఎవరూ ముందుకు రారు, అది నాకు అర్థమవుతుంది. అందుకే క్లెయిము ఫారం నింపే రోజున కార్మికుడి పక్కన చట్టం తెలిసిన మనిషి ఒకరుండాలి. బ్యాంకు తరఫున న్యాయవాదుల బృందమే వస్తుంది. ఇటువైపు యూనియన్ ఆఫీసులో కార్బన్ కాగితం పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఉంటాడు.

నెలనెలా భత్యమిచ్చే పథకాలు మనకు అసలు లేకపోలేదు. ఈఎస్ఐ కింద 2005లో మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. ఫ్యాక్టరీ మూతపడి పని పోయినవాళ్లకు మొదటి ఏడాది సగం వేతనం, రెండో ఏడాది పావు వంతు. వైద్యం కూడా. 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది, అది తొంభై రోజులకు. బట్టల మిల్లుల కార్మికులకు 1986లోనే కేంద్రం ఒక పునరావాస నిధి పెట్టింది. మూడేళ్లపాటు వేతనంలో వరసగా 75, 50, 25 శాతం ఇచ్చేవారు. ఆలోచన చక్కటిది. ఆ రోజుల్లో ఆ ఫైలు రాసిన అధికారికి ఒక ఇంట్లో ఖర్చు ఎలా నడుస్తుందో తెలిసి ఉండాలి. ఒక్కసారి చేతిలో పోసిన సొమ్ము పాత అప్పులకే పోతుంది, ఏ నెలకానెల వచ్చేది బియ్యానికి, కరెంటు బిల్లుకు అక్కరకొస్తుంది.

లోపమెక్కడంటే, ఈఎస్ఐకి జీతం గరిష్ఠ పరిమితి ఉంది, 2017 నుంచి నెలకు 21,000. పాతికేళ్ల సర్వీసున్న పర్మనెంటు కార్మికుడు ఆ గీత దాటిపోతాడు కాబట్టి అతనికి భత్యం లేదు. గీతకు దిగువనున్న కాంట్రాక్టు కార్మికుడికి అర్హత ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఏటా కాంట్రాక్టరు మారితే చందాల వరస తెగిపోతుంది, భత్యానికి కావలసిన రెండేళ్ల లెక్క పూర్తి కాదు. అటు వాడూ ఇటు వాడూ బయటే. మధ్యలో మిగిలిన కొద్దిమందికి ఇలాంటి పథకం ఉందని చెప్పేవాళ్లుండరు.

1992 ఫిబ్రవరిలో సంస్కరణల వెంటే జాతీయ పునరుద్ధరణ నిధి అని ఒకటి పెట్టారు. పని పోయినవారికి పరిహారం, కొత్త పనిలో శిక్షణ, దెబ్బతిన్న ప్రాంతాల్లో ఉపాధి, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. డబ్బులో అత్యధిక భాగం ప్రభుత్వరంగ సంస్థల వీఆర్ఎస్ చెల్లింపులకు పోయింది. శిక్షణకు కొద్దిగా మిగిలింది. ప్రాంతాల సంగతి మాటగానే ఉండిపోయింది. 2000లో ఆ నిధినే ఎత్తేశారు. అలాంటి మరో నిధి ఇంతవరకు రాలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, తొలగించిన కార్మికుడికి యజమాని పదిహేను రోజుల వేతనం నైపుణ్య నిధికి జమ చేయాలని ఉంది. పదిహేను రోజుల జీతంతో ఏ మనిషి ఏ కొత్త పని నేర్చుకోగలడో మీరే చెప్పండి. అదే కోడ్, మూసివేతకు ముందస్తు అనుమతి తీసుకోవలసిన పరిమితిని వంద మంది కార్మికుల నుంచి మూడు వందలకు పెంచింది. అనుమతుల వల్ల మూసివేతలు ఆగాయని నేను వాదించను. కానీ ఆ అనుమతి దరఖాస్తు ఒక హెచ్చరిక గంట. మూడు వందలకు లోపున్న మిల్లులకు ఇక ఆ గంట కూడా లేదు.

ఇప్పుడు ఊరి దగ్గరికి వస్తాను. కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే చట్టాల పుస్తకంలో దీనికి పేజీయే లేదు.

ఒక మిల్లు పట్నంలో కిరాణం దుకాణదారు తన ఉద్దెర పుస్తకం నాకు చూపించాడు. ప్రతి ఇంటికీ ఒక పేజీ. ఎడమవైపు బియ్యం, నూనె, పప్పు, సబ్బు. కుడివైపు నెలకోసారి, జీతాల మర్నాడు, మొత్తం మీద అడ్డంగా ఒక గీత, అంటే చెల్లు. మిల్లు ఆగిన నెల నుంచి గీతల్లేవు. సామాను రాత మాత్రం ఇంకో అయిదారు నెలలు సాగింది. మొదట నూనె తగ్గింది, తర్వాత సబ్బు పోయింది, చివర్లో బియ్యం ఒక్కటే మిగిలింది. ఆ పైన పేజీ ఖాళీ. ఆయన ఎవరినీ నిందించలేదు. హోల్‌సేల్ వ్యాపారికి తాను పడ్డ బాకీ ఇంకా తీర్చుకుంటున్నానని మాత్రం చెప్పాడు. ఈ దుకాణదారు ఏ చట్టంలో బాధితుడు? మిల్లుకు వెదురు నరికి తెచ్చే గూడెం వాళ్లు, లారీ హమాలీలు, గేటు ముందు టీ అమ్ముకునే ఆమె, క్వార్టర్లలో గిన్నెలు తోమే ఆమె, వీళ్లలో ఎవరి పేరూ మస్టరులో ఉండదు. మున్సిపాలిటీకి రావలసిన ఆస్తిపన్ను ఆగిపోతుంది. మిల్లే నడిపే బడి, మిల్లే ఇచ్చే నీళ్లు, మిల్లే వెలిగించే వీధి దీపాలు, ఇవన్నీ ఎవరి బాధ్యతన్నది ఆ రోజు దాకా ఎవరూ అడగరు.

బోధన్‌లో ఇంకో తీరు. 1937లో పెట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా పేరు మోసింది. 2002లో ప్రైవేటుపరమై, 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో ఆగింది. బోధన్‌లోని శక్కర్‌నగర్ యూనిట్‌తో పాటు మెదక్ జిల్లా మంభోజిపల్లి, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట యూనిట్లు కూడా. చెరకు నరికాక ఎక్కువసేపు ఆగదు, తీపి తగ్గిపోతుంది, ఒక్కరోజులో గానుగకు చేరాలి. దగ్గరి మిల్లు ఆగితే దూరపు మిల్లు ఆ రైతుకు పనికిరాదు. రైతు వరికి మళ్లాడు. ఇప్పుడు మిల్లు తెరుద్దామని ప్రభుత్వం కమిటీలు వేస్తే మొదటి ప్రశ్నే ఇది, చెరకేదీ? ఆగిన ఏడాదే ఆ రైతులకు రెండు సీజన్ల భరోసా ఇచ్చి, రవాణా ఖర్చు భరించి చెరకును వేరే మిల్లుకు పంపి ఉంటే పొలంలో చెరకు మిగిలేది. ఊరిని ఆదుకోవడమంటే రేపటి పునరుద్ధరణకు పునాది కాపాడుకోవడం కూడానని పరిశ్రమల శాఖ వారికి నేను విన్నవిస్తున్నాను.

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంటాల్ అనే చిన్న ఊరుంది. 1929-30లో అక్కడి బట్టల మిల్లు మూతపడింది. ఊరు మొత్తం దాని మీదే బతికేది. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైజెల్ అనే యువ పరిశోధకులు అక్కడికి వెళ్లి, ఇంటింటా వంట దగ్గర్నుంచి వీధిలో నడక వేగం దాకా లెక్క రాసి 1933లో పుస్తకం వేశారు. వాళ్లు చూసిన ఒక విషయం నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. పని లేదు కాబట్టి చేతినిండా సమయముంది, ఊళ్లో కార్మికుల లైబ్రరీ ఉంది, అయినా పుస్తకాలు తీసుకోవడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా నడవసాగారు, మాటిమాటికీ ఆగిపోయేవారు. ఆడవాళ్లకు ఆ తీరిక లేదు, ఇంటి చాకిరీ అలాగే ఉంది. నిరుద్యోగ భృతి ఉన్నంతకాలం ఇల్లు నిలబడేది, భృతి కుదించుకుపోయే కొద్దీ మనుషులు కూలబడిపోయేవారు. తొంభై ఏళ్లు దాటిన ఆ నమోదు నాకు మన మిల్లు కాలనీల్లో చెట్టు కింద పేకాట బల్లల దగ్గర కనిపిస్తుంది. వాళ్లను సోమరులనే పెద్దమనుషులు ఆ పుస్తకం చదవాలి.

ముందుగా కదిలితే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలోని లాంగ్‌బ్రిడ్జిలో రోవర్ కార్ల ఫ్యాక్టరీ. 2000లో బీఎండబ్ల్యూ దాన్ని వదిలించుకున్నప్పుడే అక్కడి ప్రభుత్వం ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. కారు భాగాలు చేసిచ్చే చిన్న కంపెనీలకు రోవర్ తప్ప వేరే గిరాకీ లేదని గుర్తించి, వాటికి కొత్త కొనుగోలుదారులను వెతకడంలో అయిదేళ్లు సాయం చేసింది. 2005 ఏప్రిల్లో ఫ్యాక్టరీ నిజంగానే మూతపడి సుమారు ఆరు వేల మంది రోడ్డున పడ్డారు. కానీ ఆ చుట్టుపక్కల చిన్న కంపెనీలు చాలావరకు నిలబడ్డాయి. తొలగించినవారిలో ఎక్కువమందికి కొన్నేళ్లలో వేరే పని దొరికింది, జీతం మాత్రం చాలామందికి తగ్గింది. దాన్ని దాచి చెప్పను. ఆదుకున్నా నష్టం ఉంటుంది. ఆదుకోకపోతే ఎంత ఉంటుందో మనకు తెలుసు.

అది ధనిక దేశం, మనకెలా సాధ్యమని అడుగుతారు. ముందుగా తెలుసుకోవడానికి మనకు డబ్బు అక్కర్లేదు. మిల్లు కుదేలవుతున్న సంగతి అందరికంటే ముందు తెలిసేది ప్రభుత్వానికే. పీఎఫ్ జమ ఆగితే పీఎఫ్ ఆఫీసు కంప్యూటరుకు తెలుస్తుంది. ఈఎస్ఐ చందా ఆగితే ఈఎస్ఐకి తెలుస్తుంది. కరెంటు బకాయి డిస్కంకు తెలుస్తుంది, అమ్మకాలు పడిపోతే జీఎస్టీ రిటర్నుల్లో కనిపిస్తుంది. ఈ నాలుగు లెక్కలూ ఒక బల్ల మీదికి రావు, అంతే. పీఎఫ్ వరసగా మూడు నెలలు ఆగిన ఏ ఫ్యాక్టరీ పేరైనా జిల్లా కలెక్టరు బల్ల మీదికి దానంతటదే రావాలి. ఆ రోజే యజమానిని, బ్యాంకును, యూనియన్‌ను, మున్సిపల్ కమిషనర్‌ను పిలిచి కూర్చోబెట్టాలి. నేను మొదట్లో చెప్పిన అర్జీలో ఆ పెద్దాయన కోరింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు.

భూమి మాట కూడా చెప్పాలి. ముంబయి మిల్లుల్లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి వెళ్లిన మన పద్మశాలీలు తరతరాలు పనిచేశారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు భూమిలో మూడోవంతు జనం కోసం ఖాళీ జాగాగా, మూడోవంతు సామాన్యుల ఇళ్లకు వదలాలని 1991లో నియమం పెట్టారు. 2001లో దాన్ని కట్టడాల్లేని ఖాళీ నేలకే కుదించేశారు. పంచాల్సిన భాగం తరిగిపోయింది. మాజీ మిల్లు కార్మికుల ఇళ్లకు మొదటి లాటరీ తీసింది 2012లో, సమ్మె జరిగిన ముప్పై ఏళ్లకు. మన వరంగల్లులో 1934 నాటి ఆజంజాహి మిల్లు నేల కూడా ప్లాట్లయింది, ఇంటి జాగా కోసం కార్మికులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ నేల చాలాచోట్ల ఒకనాడు ప్రభుత్వం మిల్లు కోసం చవగ్గా ఇచ్చినదే. మిల్లు పోయాక దాని విలువలో మొదటి వాటా కార్మిక బకాయిలకు, రెండో వాటా ఊరికి అని కేటాయింపు పత్రంలోనే రాయవచ్చు. కొత్త పారిశ్రామిక పార్కులకు వందల ఎకరాలు ఇస్తున్న ఈ రోజుల్లో ఆ ఒక్క వాక్యం చేర్చడానికి అడ్డేమిటో నాకు తెలియడం లేదు.

అలాగే, మూతపడిన మిల్లును తెరవడానికి ఎవరికి రాయితీ ఇచ్చినా, పాత కార్మికుల జాబితాలోంచే మొదట తీసుకోవాలన్న షరతు ఆ జీవోలో ఉండాలి. రాలేనంత వయసు మీరిన వాళ్ల పిల్లలకు శిక్షణ ఇవ్వాలి. ప్రజాధనం ఇచ్చేటప్పుడు అడగడానికి మొహమాటమెందుకు? కమలాపురం రేయాన్స్‌కు కూడా 2014లో ఉత్పత్తి ఆగాక ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది, ఆ తర్వాతి ఏళ్లలో మిల్లు తెరుచుకోలేదు. రాయితీ మిల్లుకే కట్టిపెడితే మిల్లు తెరవనప్పుడు కార్మికుడికి దక్కేదేమీ లేదు. మిల్లుకు ఏటా ప్రకటించిన మొత్తంలో కొంత ఆగిన రోజు నుంచే మనుషులకు మళ్లించే వీలుండాలి, యజమాని దొరికినా దొరకకపోయినా.

అందుకు ముందు ఎవరికివ్వాలో తెలియాలి. మిల్లు ఆగిన ఏడాదికి సర్వే చేస్తే కాంట్రాక్టు కార్మికులు దొరకరు, కాంట్రాక్టరూ దొరకడు, రిజిస్టరూ దొరకదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే అసలు యజమానే ఇవ్వాలని ఉంది, కానీ ఫలానా మనిషి ఇక్కడ పనిచేశాడని రుజువుండాలి కదా. అందుకని ఉత్పత్తి ఆగిన వారంలోపే లేబర్ ఆఫీసర్ మిల్లు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చోవాలి. పర్మనెంటు, బదిలీ, కాంట్రాక్టు, క్యాంటీన్, లోడింగు, తోటపని అన్న తేడా లేకుండా ఆ నెల గేటు దాటి లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరు, పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారన్నది రాసుకోవాలి, సంతకం తీసుకోవాలి, ఒక నకలు వాళ్ల చేతికివ్వాలి. గేటు బయట టీ కొట్టు ఆమె పేరు, వెదురు లారీ హమాలీల పేర్లు వేరే కాగితం మీద రాసుకోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఉత్తర్వు చాలు. ఈ సభ తరఫున తీర్మానం చేసి పంపదలిస్తే, దయచేసి మొదటి వాక్యంగా ఈ కోరికే పెట్టండి.